జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకు

తెనాలి,
మే 2021

చిట్టీ,

మీ అత్తగారిని క్యాన్సర్‌కి ఇచ్చే కీమో అయ్యేదాకా హైదరాబాదులో మీ ఫ్లాట్లోనే ఉంచుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నా చేతుల్లో పెరిగిన పిల్లవి, గర్వంగానే అనిపించింది. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

సబ్బు, మాస్కు, ఆవిడకు వేరే గది, తెరిచిన కిటికీ... ఇవన్నీ నీకు తెలిసినవే. టీకా స్లాటు దొరికిన రోజే మీ ఆయనా నువ్వూ వేయించుకోండి. ఆవిడకెప్పుడు వేయించాలో డాక్టర్ని అడుగు. కరోనా భయంతో మీ అంతట మీరు కీమో వాయిదా వెయ్యకండి.

నా భయమంతా జ్వరం గురించే.

పోయిన ఆగస్టులో మీ పెదనాన్నకి మూడో కీమో అయి తొమ్మిదో రోజు. అప్పటికి నేను గడప దాటనిచ్చేదాన్ని కాదు, పాల ప్యాకెట్లు కూడా సబ్బుతో కడిగేదాన్ని. సాయంత్రం 'చలిగా ఉందే' అన్నారు. చూస్తే 100.6. ఆస్పత్రికి వెళ్తే కరోనా అంటుకుంటుందని పారాసిటమాల్ ఇచ్చాను. గంటలో దిగిపోయింది. పెరుగన్నం పెట్టి, హాయిగా పడుకున్నాను కూడా!

నాలుగింటికి పళ్లు టకటకలాడుతున్నాయి, మాట తడబడుతోంది. ఆస్పత్రికి చేరేసరికి బీపీ పడిపోయింది. క్రిములతో పోరాడే తెల్ల కణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవి 500 కంటే తగ్గితే చాలా ప్రమాదమట, ఆయనకి 200 ఉన్నాయి. 'రాత్రే ఎందుకు తీసుకురాలేదమ్మా?' అనడిగాడు డాక్టరు, మన మనవడి వయసుంటుంది. నోట మాట రాలేదు. కీమో అయిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా ఆ కణాలు బాగా పడిపోతాయనీ, అప్పుడు ఇన్ఫెక్షన్ రావడానికి మన నోట్లో, పేగుల్లో ఉండే క్రిములే చాలనీ తర్వాత చెప్పాడు. నేనేమో గుమ్మం దగ్గర కాపలా కాశాను. మాత్ర జ్వరాన్ని దాచిందే గానీ ఇన్ఫెక్షన్ని ఆపలేదు. పదకొండు రోజులున్నాం అక్కడ.

100.4 కనిపించిందా, మాత్ర వెయ్యకు. ఎంత రాత్రయినా డాక్టరుకి ఫోన్ చేసి బయల్దేరు. లాక్‌డౌన్లో ఎవరైనా ఆపితే కీమో ఫైలు చూపించు. ఆస్పత్రి గుమ్మంలోనే 'కీమో నడుస్తోంది, జ్వరం వచ్చింది' అని గట్టిగా చెప్పు, లేకపోతే కరోనా లైన్లో కూర్చోబెడతారు. స్టెరాయిడ్లు వాడే రోజుల్లో జ్వరం తెలియకపోవచ్చు, వణుకొస్తే అదే చాలు. ఏ కారు, ఎవరు నడుపుతారు అన్నది ఈరోజే మాట్లాడుకోండి.

చూడ్డానికొచ్చేవాళ్లని రానివ్వకు. నీకు చిన్నప్పట్నించీ మొహమాటం, ఎవరైనా పళ్ల బుట్టతో వస్తే తలుపు తీసేస్తావు. 'పెద్దమ్మ తిడుతుంది' అని చెప్పు. నాకు ఎలాగూ ఆ పేరుంది.

నువ్వు వేళకి తింటున్నావా? అడిగితే మీ అమ్మ మాట దాటేసింది. పక్కన మీ పెదనాన్న పేపరు చదువుతూ 'పిల్లని బెదరగొట్టకే' అంటున్నారు.

థర్మామీటర్లు మాత్రం రెండు కొను. ఒకదాని బ్యాటరీ సరిగ్గా అర్ధరాత్రే అయిపోతుంది.

పెద్దమ్మ