రిమోట్ నాన్నగారి చేతిలోనే ఉండనివ్వండి

ప్రశ్న: మా పాత టీవీ పాడైంది. పెద్ద స్మార్ట్ టీవీ కొని, సెట్‌టాప్ బాక్స్ తీసేసి అన్నీ యాప్‌లలోనే చూద్దామని మావారు అంటున్నారు. మా నాన్నగారికి డెబ్బై నాలుగేళ్లు. వరసగా చానళ్లు తిప్పుకుంటూ కూర్చోవడమే ఆయన కాలక్షేపం. యాప్‌లతో అది కుదురుతుందా? బాక్స్ ఉంచితే రెండు రిమోట్లతో తికమకపడతారేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: బాక్స్ తీయకండమ్మా. మీవారు అనుకుంటున్నదే మూడేళ్ల కిందట మా అమ్మకు నేను చేశాను. వారం తిరిగేసరికి ఆవిడ టీవీ పెట్టడమే మానేసింది. ఎందుకని అడిగితే, "ఏం చూస్తావని అది నన్ను అడుగుతోందిరా. కంటికి కనబడితే కదా, చూడాలో వద్దో తెలిసేది" అంది. మర్నాడే బాక్స్ మళ్లీ పెట్టాను. తిప్పేవాళ్లకు తిప్పడంలోనే సుఖం ఉంది. ఎక్కడో ఒక పాట తగులుతుంది, అక్కడ ఆగుతారు.

యాప్‌లలోనూ లైవ్ చానళ్లుంటాయి. కానీ వీడియో కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది, ముక్క చేరాకే బొమ్మ. పైగా ఒక యాప్‌లో లేని చానల్ కోసం బయటికొచ్చి ఇంకో యాప్ తెరవాలి.

బాక్స్‌లో కూడా, పాత అనలాగ్ రోజుల్లోలాగా నొక్కగానే బొమ్మ రాదు. డిజిటల్ ప్రసారంలో పూర్తి బొమ్మ అప్పుడప్పుడే వస్తుంది. మధ్యలో వచ్చేవన్నీ ముందు బొమ్మతో పోలిస్తే మారిన భాగాలే. అందుకని పూర్తి బొమ్మ అందేదాకా బాక్స్ ఆగాలి. ఆ కాస్త ఆలస్యాన్ని మనం తగ్గించలేం.

కానీ కొత్త టీవీ పెట్టాక చానల్ మార్చిన ప్రతిసారీ తెర నల్లబడుతుంటే మాత్రం, దాన్ని సరిచేయొచ్చు. బాక్స్ సెట్టింగ్స్‌లో వీడియో రిజల్యూషన్ 'ఆటో' లేదా 'నేటివ్' అని ఉండొచ్చు. అలా ఉంటే ఎస్‌డీ చానల్ నుంచి హెచ్‌డీకి మారినప్పుడల్లా టీవీ, బాక్స్ మళ్లీ మొదట్నుంచి కుదురుకోవాలి. దాన్ని 1080ఐ అనో 1080పీ అనో ఒకదానికి ఖాయం చేయండి. మా ఇంట్లో ఈ ఒక్క మార్పుతో అమ్మ విసుగు పోయింది.

ఇక రిమోట్ల సంగతి. నాన్నగారి వేలికి అలవాటైన బాక్స్ రిమోట్‌నే ఉంచండి. కొత్త టీవీల రిమోట్లలో చాలావాటికి అంకెల బటన్లే ఉండవు. టీవీలో హెచ్‌డీఎంఐ-సీఈసీ ఆన్ చేయండి. కేబుల్ ద్వారా టీవీ, బాక్స్ ఒకదానికొకటి ఆదేశాలు పంపుకునే సదుపాయం అది. శామ్‌సంగ్‌లో దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. బాక్స్‌కు కూడా ఆ సదుపాయం ఉంటే, బాక్స్ ఆన్ చేయగానే టీవీ కూడా వెలిగి నేరుగా చానల్ చూపిస్తుంది. లేకపోతే బాక్స్ రిమోట్‌లో నేర్చుకునే బటన్లు ఉన్నాయేమో చూడండి. రెండు రిమోట్లనూ ఎదురెదురుగా పెట్టి టీవీ పవర్, వాల్యూమ్ వాటికి నేర్పించవచ్చు. ఆ తర్వాత టీవీ రిమోట్ సొరుగులో పెట్టేయండి. మీవారి యాప్‌లకు అది పనికొస్తుంది.

టీవీ గోడకు బిగిస్తే బాక్స్‌ను దాని వెనక దాచకండి. రిమోట్ కిరణం బాక్స్ ముందువైపుకు తగలాలి.

అన్నీ అమర్చాక ఒక సాయంత్రం నాన్నగారి పక్కన కూర్చుని, ఆయన ఏయే చానళ్ల దగ్గర ఆగుతున్నారో రాసుకోండి. ఆ వరసలోనే ఫేవరెట్స్‌లో పెట్టండి. మా అమ్మవి పద్దెనిమిది తేలాయి.