కంప్యూటర్లు విప్పే అబ్బాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. మార్కులు మధ్యస్థంగా వస్తాయి. కంప్యూటర్లు విప్పడం, బిగించడం అంటే ప్రాణం. స్నేహితులకు డెస్క్‌టాప్‌లు తనే బిగించి ఇస్తుంటాడు. ఇంట్లో ఉన్న, ఇంటెల్ ఎనిమిదో తరం ఐ3 ప్రాసెసర్ పెట్టిన కంప్యూటర్ కొన్నాళ్లుగా పని మధ్యలో ఆగిపోతోంది. షాపులో చూపిస్తే ప్రాసెసర్ పోయిందన్నారు. ఇంకా శక్తిమంతమైన ఐ9 ప్రాసెసర్ పెట్టి కొత్తది కొనమని వాడు పట్టుబడుతున్నాడు. పైగా ఇంజినీరింగ్ వద్దట, హైదరాబాద్‌లో ఆరు నెలల హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ కోర్సులో చేరతాడట. ఉద్యోగం గ్యారంటీ అని ఆ సంస్థవాళ్లు చెబుతున్నారు. ఏం చేయమంటారు? పదో తరగతి చదువుతున్న మా పాప కూడా అన్నతోపాటు స్క్రూడ్రైవర్ పట్టుకుంటుంది. – ఒక తల్లి, జగిత్యాల

జవాబు: అమ్మా, కొత్త కంప్యూటర్‌కు గానీ, ఆ కోర్సుకు గానీ ఇప్పుడే రూపాయి కట్టకండి. ముందు ఆ పాత కంప్యూటర్ ఎందుకు ఆగిపోతోందో మీ అబ్బాయినే కనిపెట్టమనండి. కొనకుండా వాయిదా వేయడానికి ఈ మాట చెప్పడం లేదు. విడిభాగాలు బిగించడం ఇవాళ కష్టమైన పని కాదు. ఏ భాగమైనా దాని చోట్లో తప్ప మరోచోట పట్టదు, ఓపిక ఉన్నవాళ్లు రెండు మూడు రోజుల్లో నేర్చుకుంటారు. బిగించిన యంత్రం ఎందుకు మొరాయిస్తోందో చెప్పగలవాళ్లే తక్కువ. ఈ రంగంలో జీతం ఆ నేర్పుకే ఇస్తారు. అది మీ వాడిలో ఎంత ఉందో తేలితే, ఏ చదువు సరిపోతుందో మనకు సగం తెలిసిపోతుంది.

షాపులో చెప్పిన మాటను చివరి అనుమానంగా పెట్టుకోమనండి. మామూలుగా కంప్యూటర్‌లో ప్రాసెసర్ చెడిపోవడం చాలా అరుదు. దానికంటే ముందు ఫ్యాన్, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు విద్యుత్ అందించే డబ్బా), ర్యామ్, హార్డ్ డిస్క్, మదర్‌బోర్డు పోతాయి. పైగా ఆగిపోవడంలోనూ రకాలున్నాయి. కరెంటు పోయినట్టు ఒక్కసారిగా ఆరిపోతోందా? నీలి తెర వచ్చి మళ్లీ మొదలవుతోందా? తెర మీద బొమ్మ అలాగే ఉండి మౌస్ కదలడం లేదా? మూడింటికీ దారులు వేరు. ఒక్కసారిగా ఆరిపోతుంటే వేడిని, విద్యుత్ సరఫరాను అనుమానించాలి. నీలి తెర మీద ప్రతిసారీ వేరే వేరే కోడ్ వస్తుంటే ముందుగా ర్యామ్ చూడాలి. బొమ్మ నిలిచిపోతుంటే డిస్క్‌తో మొదలుపెట్టవచ్చు.

మీ కంప్యూటర్ వయసు చూస్తే నాకు మొదటి అనుమానం వేడి మీదే. ప్రాసెసర్‌కూ దాని మీద వేడిని లాగేసే లోహపు దిమ్మె హీట్‌సింక్‌కూ మధ్య పూసిన థర్మల్ పేస్టు ఇన్నేళ్లలో ఎండి పెచ్చులు కట్టి ఉంటుంది. ఫ్యాన్ కింది రెక్కల సందుల్లో దుమ్ము పేరుకుని ఉంటుంది. ఆ తరం ఐ3కి 100 డిగ్రీల సెల్సియస్ హద్దు. ఆ దరిదాపులకు వెళ్లగానే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, అప్పటికీ చల్లబడకపోతే యంత్రాన్ని ఆపేస్తుంది. అది చెడిపోవడం కాదు, తనను తాను కాపాడుకోవడం. పేస్టు తుడిచి కొత్తది పూసి, దుమ్ము దులిపి, ఉష్ణోగ్రత చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి, శుభ్రం చేయకముందు ఎంత ఉంది, చేశాక ఎంత ఉంది అన్నది రాసుకోవాలి. వేడి మామూలుగానే ఉండి కూడా ఆగిపోతుంటే అప్పుడు ఎస్‌ఎంపీఎస్ వంతు. కంప్యూటర్ మీద పని భారం ఉన్నప్పుడు మల్టీమీటర్‌తో 12 వోల్టుల తీగను కొలిస్తే 11.4కీ 12.6కీ మధ్యలో ఉండాలి. అంతకంటే పడిపోతుంటే దోషం అక్కడే. ఆ తర్వాత ర్యామ్‌ను ఒక్కో ముక్క చొప్పున పెట్టి, రాత్రంతా మెమరీ పరీక్ష నడపాలి.

తల్లిగా మీరు గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మూత మాత్రం విప్పకూడదు. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత విద్యుత్ నిల్వ ఉండవచ్చు. అది పాడైతే మార్చడమే, బాగుచేయడం వద్దు.

ఇదంతా ఒక నోటు పుస్తకంలో రాయమనండి: తేదీ, కనిపించిన లక్షణం, అనుమానించినది, మార్చినది, వచ్చిన ఫలితం. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. పేస్టు, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ మూడూ ఒకేసారి మార్చి 'బాగైంది' అంటే కంప్యూటర్ బాగైనట్టే గానీ, కారణం మాత్రం తెలియలేదు. కంప్యూటర్ మరమ్మతు నేర్పుకు ఏ ప్లస్ అనే సర్టిఫికెట్ పరీక్ష నిర్వహించే కాంప్‌టియా సంస్థ, లోపాన్ని కనిపెట్టే క్రమాన్ని ఆరు మెట్లుగా చెబుతుంది. సమస్యను గుర్తించడంతో మొదలయ్యే ఆ వరుసలో ఆరో మెట్టు, చేసినదంతా రాసిపెట్టడం. పిల్లలు సాధారణంగా వదిలేసేది అదే.

ప్రాసెసర్ అరుదుగా పోతుందన్నాను. అరుదైనది నిజంగానే జరిగిన సంగతి కూడా మీ వాడికి తెలియాలి, ఎందుకంటే అది వాడు అడుగుతున్న ఐ9కి సంబంధించినదే. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు వాడేవాళ్లలో కొందరికి ఆటల మధ్యలో ప్రోగ్రామ్ కూలిపోవడం మొదలైంది. తెర మీద మాత్రం వీడియో మెమరీ చాలడం లేదన్న సందేశం వచ్చేది. అది చూసినవాళ్లు గ్రాఫిక్స్ కార్డును అనుమానించడం సహజం. అసలు దోషం ప్రాసెసర్‌ది. కుదించి ఉంచిన ఆట డేటాను విప్పేటప్పుడు అది లెక్క తప్పుతోంది. అవసరానికి మించిన వోల్టేజీ అందడం వల్ల ప్రాసెసర్ లోపలి భాగం ముందే అరిగిపోతోందని 2024లో ఇంటెల్ వివరించింది. మైక్రోకోడ్ (ప్రాసెసర్‌ను లోపలి నుంచి నడిపించే ఆదేశాలు) సవరణలు విడుదల చేసి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. ఆ సవరణ ఇకపై నష్టం జరగకుండా ఆపుతుంది గానీ, అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను బాగుచేయదు. ఆ రెండు తరాల్లో ఎక్కువ విద్యుత్ తీసుకునే మోడళ్లలో ఏది కొన్నా, విండోస్ ఎక్కించే ముందే మదర్‌బోర్డులో ఉండి కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్ బయోస్‌ను తాజా వెర్షన్‌కు మార్చుకోవాలి.

ఇక కొనుగోలు సంగతి. మీ వాడికి ఐ9 అవసరం లేదు. వాడు రాయబోయే ప్రోగ్రాములకు, సర్క్యూట్ల సిమ్యులేషన్‌కు, ఒకటి రెండు వర్చువల్ మెషీన్లకు (కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌లా నడిచే సాఫ్ట్‌వేర్) ఆరు కోర్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్‌కు బదులు వేగంగా పనిచేసే ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ చాలు. ఇంటెల్‌లో ఐ5-12400 గానీ, ఏఎండీలో రైజెన్ 5 5600జీ గానీ చూడండి. రెండింటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. రెండింట్లోనూ గ్రాఫిక్స్ లోపలే ఉంది, విడిగా కార్డు కొననవసరం లేదు. 12400 పక్కన 'ఎఫ్' అక్షరం ఉంటే మాత్రం అందులో గ్రాఫిక్స్ ఉండదు. ధర తక్కువని అది కొని, కార్డు లేకుండా బిగించి, తెర వెలగక మదర్‌బోర్డు పోయిందనుకుని షాపుకు పరుగెత్తేవాళ్లు చాలామంది. ఐ5-12400కు డీడీఆర్4 ర్యామ్ తీసుకునే మదర్‌బోర్డే అడగండి. 5600జీ ఎలాగూ డీడీఆర్4తోనే పనిచేస్తుంది. మీ పాత కంప్యూటర్‌లోని ర్యామ్ కూడా సాధారణంగా ఆ రకమే కాబట్టి, బాగుంటే కొత్తదానికీ పనికొస్తుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగిన మాట మీ వాడికి తెలిసే ఉంటుంది. అయినా పేస్టు మార్చడంతోనే పాతది బాగైపోతే, ఎనిమిదో తరం కనుక విండోస్ 11 కూడా నడుస్తుంది. ఒక ఎస్‌ఎస్‌డీ వేయించి ఇంటర్ పరీక్షలయ్యేదాకా దానితోనే నడిపించండి.

అసలు ప్రశ్న చదువు గురించి. మూలమూలనా ఉన్న మరమ్మతు షాపుల్లో పని తగ్గుతోంది. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్, కొన్నింటిలో ర్యామ్ కూడా బోర్డుకే అతికించి వస్తున్నాయి, మార్చడానికి చోటే లేదు. పని పెరుగుతున్నది రెండు వేరే చోట్ల. ఒకటి డేటా సెంటర్లు. అమెజాన్ క్లౌడ్ విభాగం 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో తన డేటా సెంటర్ల సముదాయాన్ని (రీజియన్) ప్రారంభించింది. విశాఖపట్నంలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ కడతామని 2025 అక్టోబర్‌లో గూగుల్ ప్రకటించింది. అలాంటి చోట్ల వరుసల కొద్దీ సర్వర్లలో పాడైన డిస్కులు, ర్యామ్‌లు కనిపెట్టి మార్చే టెక్నీషియన్లు కావాలి. రాత్రి షిఫ్టులుంటాయి, మొదటి జీతం గొప్పగా ఉండదు, కానీ నేర్చుకునేది చాలా ఉంటుంది.

రెండోది మీ వాడి ఇష్టానికి ఇంకా దగ్గరది, వాడు బహుశా పేరు కూడా విని ఉండడు. దాన్ని వ్యాలిడేషన్ అంటారు. కొత్త చిప్ ఫ్యాక్టరీ నుంచి వచ్చాక దాన్ని బోర్డు మీద పెట్టి, వోల్టేజీ పెంచి తగ్గించి, వేడి చేసి చల్లార్చి, ఎక్కడ తప్పుతుందో వెతికే ఉద్యోగం. నేను పైన చెప్పిన వోల్టేజీ దోషం లాంటివాటిని చిప్ బజారుకు రాకముందే పట్టుకోవడం వీళ్ల పని. ఏఎండీ, ఇంటెల్, క్వాల్‌కామ్, మైక్రాన్ కంపెనీలన్నిటికీ హైదరాబాద్‌లో కార్యాలయాలున్నాయి. ఈ ఉద్యోగాలకు సాధారణంగా బీటెక్ అడుగుతారు, అందులోనూ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్). వీఎల్‌ఎస్‌ఐ, అంటే చిప్‌ల రూపకల్పన మీద 2023లో సాంకేతిక విద్యామండలి ఏఐసీటీఈ ప్రత్యేక పాఠ్యప్రణాళిక తెచ్చింది, కొన్ని కాలేజీల్లో ఆ పేరుతోనే బ్రాంచి ఉంది. ఇంజినీరింగ్ వద్దనే అబ్బాయికి ఈ పని ఎలా ఉంటుందో ఎవరైనా చెప్పారా? నాకు అనుమానమే. ఇంజినీరింగ్ అంటే రోజంతా కోడ్ రాయడమే అనుకుని వద్దంటూ ఉండవచ్చు, కూర్చోబెట్టి అడగండి.

ఎప్‌సెట్ రాయించండి. జేఎన్‌టీయూ కాలేజీ మీ జిల్లాలోనే, నాచుపల్లిలో ఉంది, ఈసీఈ కూడా ఉంది. కౌన్సెలింగ్‌లో దాన్ని పై వరుసలో పెట్టండి. ర్యాంకు రాకపోతే డబ్బు పోసి ఏదో ఒక కాలేజీలో సీటు కొనడం కంటే, డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశాల విధానమైన దోస్త్ ద్వారా ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ఉన్న బీఎస్సీ మేలు. త్వరగా సంపాదన కావాల్సిన పరిస్థితి మీ ఇంట్లో ఉంటే ఐటీఐలో కంప్యూటర్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్ ట్రేడ్ ఏడాది కోర్సు. అది మీకు దగ్గరలోని ఏ ఐటీఐలో ఉందో కనుక్కోండి. దాని ధ్రువపత్రం దేశమంతా చెల్లుతుంది.

ఆ ఆరు నెలల సంస్థకు ఫీజు కట్టే ముందు ఉద్యోగం గ్యారంటీ అన్న మాటను ఏ కంపెనీలో, ఏ పనికి, ఎంత జీతానికి అని రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. ఇవ్వకపోతే తిరిగి వచ్చేయండి. వాళ్లు నేర్పేదానిలో ఎక్కువ భాగం ఏ ప్లస్ పాఠ్యాంశాల్లోనే ఉంటుంది, ఆ పరీక్షకు ఇంట్లో చదువుకునీ కూర్చోవచ్చు. ఎప్‌సెట్ అయ్యాక ఫలితాలు, సీట్ల కేటాయింపు వచ్చేదాకా మీ వాడికి ఎలాగూ ఖాళీయే కాబట్టి అప్పుడు మొదలుపెట్టించండి.

మీ పాప గురించి ఉత్తరం చివర ఒక్క వాక్యం రాసి వదిలేశారు, పదో తరగతి చదువుతోందని, అన్నతోపాటు తనూ స్క్రూడ్రైవర్ పట్టుకుంటుందని. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో ఈసీఈ డిప్లొమా చేసే దారి ఇంటర్ చదివిన అన్నకు రెండేళ్లు వెనక్కి వెళ్లినట్టే గానీ, ఆమెకు ఇదే సరైన సమయం. మూడేళ్లయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. పాలిసెట్ దరఖాస్తు ప్రకటన వచ్చిన రోజునే ఆమెతో దరఖాస్తు చేయించండి.