ఏ పిల్లలకి ఏ పుస్తకం? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి, ఇంగ్లీషు మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. అందుకని ఒకటో తరగతి పిల్లల బొమ్మల పుస్తకాలు తెచ్చాను. "ఇవి చిన్నపిల్లలవి" అని పక్కన పడేశాడు. ఏం కొనమంటారు?
(ఒక తల్లి, పటమట, విజయవాడ)

జవాబు: బాబు అన్నది నిజమేనమ్మా. చదవడంలో వెనకబడ్డాడే గాని బుర్ర తొమ్మిదేళ్ళదే. అందుకని వాడికి రెండు దొంతరలు కావాలి. ఒకటి తనంతట తను చదువుకునేవి, రెండోది మీరు చదువుతుంటే వినేవి.

మొదటి దొంతరలో పేజీకి మూడు నాలుగు వాక్యాలు మించకూడదు, అక్షరం పెద్దదిగా ఉండాలి, విషయం మాత్రం వాడి వయసుది కావాలి. రైళ్ళు, పాములు, చంద్రుడు, దొంగల్ని పట్టుకోవడం, ఏదైనా సరే. మంచి పుస్తకం, తూలిక, ప్రథమ్, నేషనల్ బుక్ ట్రస్ట్ ప్రచురణల్లో ఇలాంటివి దొరుకుతాయి. ప్రథమ్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్లో తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా ఉన్నాయి. రెండో స్థాయితో మొదలుపెట్టండి.

కొనేముందు నడిమి పేజీ ఒకటి చదివించండి. తెలియక ఆగిన ప్రతి మాటకీ ఒక వేలు ముడవమనండి. పేజీ అయ్యేలోగా ఐదు వేళ్ళూ ముడుచుకుంటే ఆ పుస్తకం మీ దొంతరలోకి, ఒకటి రెండే అయితే వాడి దొంతరలోకి.

అక్షరాలు వచ్చిన పిల్లలు కూడా ఆగిపోయేది వత్తుల దగ్గర, కలిసిపోయిన మాటల దగ్గర. "కోతి చెట్టెక్కింది" అన్నచోట "చె... ట్టె... క్కిం... ది" అని నాలుగు ముక్కలు చదివేసరికి కోతీ పోయింది, చెట్టూ పోయింది. అక్కడ మీరు "చెట్టు ఎక్కింది" అని విడదీసి, వెంటనే "చెట్టెక్కింది" అని కలిపి అనండి. "వాళ్ళిద్దరూ", "ఏమైందంటే" లాంటివీ అంతే. మూడు నాలుగు సెకన్లు చూసి, అప్పటికీ రాకపోతే మాట అందించి ముందుకి కదలండి. ప్రతి తప్పుకీ ఆపితే కథ తెగిపోతుంది, పుస్తకమంటేనే విసుగు పుడుతుంది. రాత్రి పావుగంట చాలు: పది నిమిషాలు మీరు, ఐదు నిమిషాలు వాడు. వాడి ఐదు నిమిషాలూ కథ మంచి పట్టులో ఉన్నప్పుడు రావాలి.

వినిపించడానికి పాత చందమామలు వెతకండి. తెనాలివారైన కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుంచి 1980 దాకా దాన్ని నడిపారు. ఆ కథల్లో వాక్యం చిన్నది, మలుపు పెద్దది. బాపు బొమ్మలు చూసి 'బుడుగు' పిల్లల చేతికిచ్చేస్తుంటారు. అందులో మాటలన్నీ పసివాడి నోట పలికినట్టే రాశారు కాబట్టి కూడబలుక్కునే వాడికి అది చాలా కష్టం. మీ గొంతులో వింటే మాత్రం పడి పడి నవ్వుతాడు.

ప్రశ్న: జనవరిలో బుక్ ఫెస్టివల్‌కి తీసుకెళితే మా పిల్లలు స్టిక్కర్ల పుస్తకాలే పట్టుకొస్తారు. ఏం చెయ్యాలి?
(ఒక తండ్రి, గవర్నరుపేట, విజయవాడ)

జవాబు: ఒకటి వాళ్ళిష్టం, ఒకటి మీ ఇష్టం. బయల్దేరేముందే ఒప్పందం చేసుకోండి, వాళ్ళు ఎంచుకున్నదాన్ని వెక్కిరించకండి. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లు కూడా చూపించండి. సోవియట్ కాలపు తెలుగు పిల్లల పుస్తకం దొరికితే వదలొద్దు, అట్ట చిరిగినా ఫరవాలేదు.

ప్రశ్న: మా మనవరాలు ఏడో తరగతి. తెలుగు బాగానే చదువుతుంది. కానీ దయ్యాలు, నిధుల వేట తప్ప ఇంకోటి ముట్టదు. గొప్పవాళ్ళ జీవిత చరిత్రలు చదివించాలని నా కోరిక.
(ఒక తాతగారు, అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: నిధుల వేట మాన్పించకండి తాతగారూ, అంతకంటే మంచి నిధుల వేట ఇవ్వండి. నండూరి రామమోహనరావుగారు తెలుగు చేసిన 'టామ్ సాయర్' ముందు. అర్ధరాత్రి శ్మశానం, దారి తప్పే గుహ, దాచిన డబ్బు, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ తర్వాత ఆయనదే 'కాంచనద్వీపం'. మన జానపదం కావాలంటే దాసరి సుబ్రహ్మణ్యంగారి చందమామ సీరియల్ 'తోకచుక్క' ఇవ్వండి.

జీవిత చరిత్రకి దారి 'రైలుబడి'. పాత రైలు పెట్టెల్లో నడిచిన జపాను బడి గురించి, అక్కడ చదువుకున్న పాపే పెద్దయ్యాక రాసింది. ప్రతి అధ్యాయం రెండు మూడు పేజీలే. అల్లరి ఎక్కువని మొదటి బడి పంపించేసిన పిల్ల కథ కాబట్టి ఏడో తరగతి పిల్ల వదలదు. పుట్టిన తేదీతో మొదలై బిరుదులతో ముగిసే జీవిత చరిత్రలు మాత్రం ఇప్పుడు ఇవ్వకండి.

సైన్సుకి మహీధర నళినీమోహన్ గారి 'కేలెండర్ కథ' ఉంది. నండూరివారి 'విశ్వరూపం' తొమ్మిదో తరగతికి వచ్చాక. 'అమరావతి కథలు' మన గడ్డవే అయినా చాలా కథలు పెద్దవాళ్ళ మనసుకి సంబంధించినవి, ఇంకొన్నేళ్ళు ఆగండి.

ప్రశ్న: మా బడిలో 3, 4, 5 తరగతులు కలిపి 30 మంది. 40 పుస్తకాలకి డబ్బు సమకూరింది. ఏ రకం ఎన్ని కొనాలి? త్వరగా చిరగకుండా ఏం చెయ్యాలి?
(ఒక టీచరు, గుంటూరు)

జవాబు: సగం దాకా, అంటే 18, పలచటి బొమ్మల కథలు. 8 జంతువులు, మొక్కలు, చేసి చూసే ప్రయోగాలు. 6 జానపద కథలు, 4 గేయాలూ పొడుపు కథలూ. మిగిలిన 4 మీరు రోజూ కొంచెం చదివి వినిపించే పెద్ద కథలు. కట్టగట్టి అమ్మే నీతికథల సెట్లు వద్దు. పిల్లలు ఆఖరి వాక్యం ముందే చెప్పేసి పుస్తకం మూసేస్తారు.

బీరువాలో పెట్టి తాళం వేస్తే అవి కొననట్టే. గోడకి తాడు కట్టి, అట్ట కనబడేలా వేలాడదీయండి.

మన ఉక్కకి పిన్నులు తుప్పుపట్టి నడిమి కాగితాలు ఊడిపోతాయి. కొత్తగా ఉండగానే పిన్నులు తీసేసి, మడత మీద మూడు రంధ్రాలు చెయ్యండి. గట్టి నూలుదారం లోపలినుంచి మధ్య రంధ్రంలో బయటికి తీసి, పై రంధ్రంలో లోపలికి, కింది రంధ్రంలో బయటికి, మళ్ళీ మధ్య రంధ్రంలో లోపలికి తెచ్చి, పొడవు కుట్టుకి రెండు వైపులా కొసలు ఉంచి ముడి వెయ్యండి. చిరిగిన పేజీకి సెలోటేపు వద్దు, పచ్చబడి పక్క పేజీకి అంటుకుంటుంది. పలచటి తెల్లకాగితం పీలిక మైదా జిగురుతో అతికించి, ఆరేదాకా బరువు పెట్టండి.