చిల్లుల గరిటె లేనిదే నిద్రపోని బాబు

ప్రశ్న: మాది విశాఖపట్నం, మధురవాడ. మా బాబుకి రెండున్నరేళ్లు. ఏడాదిగా స్టీలు చిల్లుల గరిటె వదలడు. పడుకున్నా, స్నానానికి వెళ్లినా అదే. బొమ్మలు ఎన్ని కొన్నా చూడడు. మొన్న ఆర్కే బీచ్‌లో అందరూ నవ్వితే తల కొట్టేసినట్టయింది. మా అత్తగారు దిష్టి తగిలిందంటారు. ఒకసారి గరిటె దాచేస్తే రాత్రంతా ఏడ్చాడు. మా ఆయన గట్టిగా మాన్పించమంటారు. జూన్‌లో స్కూల్లో వెయ్యాలి. ఆటిజమేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ గరిటెను దాచడం ఆపించండి. దాచినకొద్దీ వాడికి అది ఎక్కడ పోతుందోనన్న భయం పెరుగుతుంది, ఇంకా గట్టిగా పట్టుకుంటాడు.

చంటిపిల్లలు ఒక వస్తువును ఇలా అంటిపెట్టుకోవడం కొత్తేమీ కాదు. డొనాల్డ్ వినికాట్ అనే బ్రిటిష్ పిల్లల వైద్యుడు 1951లోనే దీని గురించి వివరంగా చెప్పారు. అమ్మ పక్కన లేనప్పుడు ధైర్యం కోసం బిడ్డ తనంతట తాను ఎంచుకునే వస్తువు అది. ఎదిగేకొద్దీ దాని అవసరం దానంతటదే తగ్గిపోతుంది. మన ఇళ్లలో పిల్లలు అమ్మ పక్కనే పడుకుంటారు కాబట్టి ఇలాంటివి కాస్త తక్కువ. పెద్దవాళ్లకు వింతగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

ఇక ఆటిజం సంగతి. చాలామంది పిల్లలు మెత్తటి దుప్పటో అమ్మ చీర కొంగో పట్టుకుంటారు. ఇలా గట్టి వస్తువును పట్టుకుంటే డాక్టర్లు మరికొన్ని ప్రశ్నలు అడుగుతారు, నిజమే. కానీ గరిటె ఒక్కదాన్ని చూసి ఎవరూ ఆటిజం అనరు. మీరు వాడి పక్కన కూర్చుని గమనించండి. ఆ గరిటెతో ఏం చేస్తున్నాడు? ఉత్తుత్తి మూకుట్లో గారెలు వేయించి మీ నోటికి అందిస్తున్నాడా? చిల్లుల్లోంచి మిమ్మల్ని చూసి నవ్వుతున్నాడా? అయితే అది ఆటే, నిశ్చింతగా ఉండండి. అలా కాక మీరు పిలిచినా పలక్కుండా, గంటల తరబడి దాన్ని తిప్పుతూ చిల్లులనే చూస్తుంటే మాత్రం ఆలోచించాలి. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా, కావలసింది వేలితో చూపిస్తున్నాడా, 'అమ్మా పాలు', 'తాత రా' లాంటి రెండు మాటలు కలుపుతున్నాడా చూడండి. వీటిలో ఏది లేకపోయినా, వచ్చిన మాటలు పోయినా, స్కూలు మొదలయ్యేదాకా ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. డబ్బుకు ఇబ్బందైతే మీ అంగన్‌వాడీలో అడగండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 2013 నుంచి 18 ఏళ్లలోపు పిల్లలకు ఎదుగుదల లోపాల పరీక్షలు కూడా ఉచితమే.

అసలు భయపడాల్సింది ఇంకోటి ఉంది. కాడ నోట్లో పెట్టుకుని పరిగెత్తి పడితే అంగిలికి గుచ్చుకుంటుంది. అందుకే పరుగులో, మెట్ల మీద, బండి మీద గరిటె అమ్మ చేతిలోనే ఉండాలి. ఈ ఒక్క నియమం దగ్గర అందరూ గట్టిగా నిలబడండి, ఏడ్చినా సరే. అంచులు ఎక్కడైనా గరుకు తేలాయేమో తడిమి చూడండి.

అత్తగారికి దిష్టి తీస్తే మనసు కుదుటపడుతుందంటే తియ్యనివ్వండి, సింహాచలం తీసుకెళ్తానంటే వెళ్లండి. వాడి చేతిలోది లాక్కోవద్దని మాత్రం చెప్పండి. మీ ఆయనకు ఆ రాత్రి ఏడుపు గుర్తుచేస్తే చాలు. బీచ్‌లో నవ్వినవాళ్లు ఇంటికెళ్లి మర్చిపోయి ఉంటారు. మీరు సిగ్గుపడితే ఆ ముఖం వాడు చూస్తాడు.

స్కూలుకు ఇంకా టైముంది. ఇప్పటినుంచే భోజనం చేసేంతసేపు గరిటెను పక్కన 'బజ్జోపెట్టడం' అలవాటు చెయ్యండి, అన్నం తినగానే వాడే లేపుకుంటాడు. మెల్లగా ఆ సమయం పెంచండి. టీచరుతో ముందే మాట్లాడి, మొదటి వారాల్లో అది బ్యాగులో ఉండేలా ఒప్పించండి. పూర్ణా మార్కెట్ వైపు వెళ్లినప్పుడు వంటకు ఇంకో గరిటె తెచ్చుకోండి. పాతది వాడిదే.