డిమెన్షియా రెండు రోజుల్లోనే ముదిరిపోతుందా?

సాధారణంగా ముదరదు. డిమెన్షియా అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు. నిన్నటిదాకా కోడలిని గుర్తుపట్టిన అత్తగారు ఇవాళ ఒక్కసారిగా అయోమయంలో పడితే అది చాలావరకు డెలీరియం (ఒంట్లో వేరే సమస్య వల్ల ఉన్నట్టుండి వచ్చే అయోమయం), అదే రోజు డాక్టరుకు చూపించాలి.

డిమెన్షియాలో ఎక్కువమందికి ఉండే రకమైన అల్జైమర్స్‌లో మెదడు ఏళ్ల తరబడి నెమ్మదిగా దెబ్బతింటుంది. గంటల్లో వచ్చిన మార్పుకు కారణం వేరే ఉంటుంది: మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, రక్తంలో సోడియం (ఉప్పు) పడిపోవడం. జలుబుకని మందుల షాపులో అడిగి తెచ్చిన క్లోర్‌ఫెనిరమిన్ మాత్ర కూడా చాలు. పెద్దవయసులో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు, అసలు చిక్కు అక్కడే.

ఉదాహరణకు, 78 ఏళ్లావిడ రాత్రి గోడ దగ్గర ఎవరో ఉన్నారంటూ లేచిపోతోంది, పగలు మగతగా పడి ఉంటోంది, మూత్రానికి వెళ్తే మంట అంటోంది. ఇన్ఫెక్షన్‌కు మందు పడితే కొన్ని రోజుల్లో, ఒక్కోసారి వారాల్లో తేరుకుంటుంది. అందరూ పూర్తిగా మునుపటిలా కాకపోవచ్చు.

చాలామంది "జబ్బు ముదిరింది" అని సరిపెట్టుకుని నిద్రమాత్ర వేస్తారు. దాంతో అయోమయం పెరుగుతుంది, పడిపోయే ప్రమాదమూ ఉంది. గొడవ చేయకుండా మగతగా ఉన్నవాళ్ల సంగతైతే ఎవరూ పట్టించుకోరు, అది ఇంకా ప్రమాదం. మూతి వంకరపోయినా, ఒక చెయ్యి లేవకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. మిగతావాటికి, మార్పు మొదలైన రోజు, వేళ, వాడుతున్న మందులన్నీ కాగితం మీద రాసి తీసుకెళ్లండి.