పదహారు గంటల ప్రయాణంలో మొహమాటం వద్దు

వేసవి వస్తోంది కదా, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు దూరప్రయాణపు ఫ్లైట్ల గురించే ఉన్నాయి. నేను డాక్టర్‌ని కాను. హైదరాబాద్‌లో టికెట్లూ ప్రయాణాల ఏర్పాట్లూ చూసే పనిలో చాలా ఏళ్లు గడిపాను, మా ఇంట్లో పెద్దవాళ్లను కూడా ఎక్కించాను, దించుకున్నాను. ఆ అనుభవంతో చెప్తున్నాను. మందుల విషయం వచ్చినచోట మాత్రం మీ డాక్టర్ మాటే వినండి.

ప్రశ్న: మేడమ్, నాకు 63 ఏళ్లు. మే నెలలో మా అమ్మాయి పురుడు కోసం డల్లాస్ వెళ్తున్నాను. మావారికి కుదరడం లేదు, ఒక్కదాన్నే. దుబాయ్‌లో ఫ్లైట్ మారాలి, అక్కణ్నుంచి దాదాపు 16 గంటలట. షుగర్ ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి. మా తోడికోడలు వెళ్లినప్పుడు కాళ్లు వాచిపోయి వారం రోజులు లేవలేదు. ఒక నిద్రమాత్ర వేసుకుని పడుకుంటే దిగేదాకా ఏమీ తెలియదని అందరూ అంటున్నారు. వేసుకోవచ్చా? (వనస్థలిపురం పాఠకురాలు)

జవాబు: వద్దమ్మా. ముందు ఈ ఒక్క మాట గట్టిగా చెప్పి తర్వాత మిగతావి చెప్తాను. మాత్ర వేసుకుంటే మనిషి కదలకుండా, మోకాళ్లు మడిచిన చోటే ఏడెనిమిది గంటలు పడి ఉంటుంది. పిక్కల్లోని రక్తం పైకి వెళ్లాలంటే పిక్కలు కదలాలి. కదలకపోతే అక్కడే నిలిచి గడ్డ కట్టే ప్రమాదం ఉంది. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో ఈ ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. అదే నివేదిక ప్రకారం మొత్తం మీద చూస్తే ఆరు వేల మందిలో ఒకరికి వచ్చే సమస్య ఇది, కాబట్టి భయపడి టికెట్ మానుకోవాల్సిన పనిలేదు. గతంలో ఎప్పుడైనా కాలిలో రక్తం గడ్డ కట్టినవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని కలవకుండా ఎక్కకూడదు.

మీ తోడికోడలి కాళ్లు వాచడానికి కారణం ఏమై ఉంటుందో నేను ఊహించగలను. మా అమ్మ మొదటిసారి వెళ్లినప్పుడు ఇలాగే అయింది. దిగేసరికి చెప్పులు పట్టలేదు, పెదాలు పగిలి ఉన్నాయి. ఆమె చేతిసంచి తెరిస్తే ఎక్కగానే ఇచ్చిన నీళ్ల సీసా మూత కూడా తీయకుండా అలాగే ఉంది. ఎందుకమ్మా తాగలేదంటే, తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి, వెళ్లాలంటే పక్కన నిద్రపోతున్న ఇద్దరినీ లేపాలి, పాపం వాళ్లను ఎందుకు లేపడం అని ఊరుకున్నానంది. పదహారు గంటలు! మన పెద్దవాళ్లను ఫ్లైట్లో ఎక్కువగా బాధపెట్టేది సీటు కాదు, ఈ మొహమాటమే. అది నాకు ఆ రోజే అర్థమైంది, అప్పటినుంచి ఎవరికి టికెట్ బుక్ చేసినా ముందు ఐల్ సీటు అడుగుతున్నాను, అంటే నడిచే దారి పక్కన ఉండేది. మీ అమ్మాయికి ఇవాళే ఫోన్ చేసి అది మార్పించండి. కిటికీలోంచి చూడ్డానికి మబ్బులు తప్ప ఏమీ ఉండవు, ఎవరినీ లేపకుండా లేచి వెళ్లగలగడం అంతకంటే పెద్ద సుఖం.

నీళ్లు ఎందుకు అంతగా చెప్తున్నానంటే, విమానం లోపల గాలిలో తేమ మామూలుగా 20 శాతం కంటే తక్కువే ఉంటుంది. గొంతు, ముక్కు, కళ్లు ఎండిపోతాయి. ఒక్కసారే సీసా ఖాళీ చేయక్కర్లేదు, గంటకోసారి కొంచెం కొంచెంగా తాగండి. ఎయిర్ హోస్టెస్‌ని 'వాటర్' అని ఒక్క మాట అడిగితే చాలు, తెచ్చి ఇవ్వడం వాళ్ల పనే.

బాత్రూమ్ గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. చాలా విమానాల్లో తలుపు మధ్యలో నొక్కితే లోపలికి మడత పడుతుంది. లోపలికి వెళ్లాక గడియ జరిపితేనే లైటు పూర్తిగా వెలుగుతుంది, జరపకపోతే మసకగా ఉండి గాభరా పుడుతుంది. ఫ్లష్ నొక్కినప్పుడు పెద్ద శబ్దం వస్తుంది, గాలితో లాగే పద్ధతి కాబట్టి అంత చప్పుడు, అదిరిపడకండి. చెంబు ఉండదు. అందుకని ఒక చిన్న ఖాళీ సీసా హ్యాండ్ బ్యాగ్‌లో పెట్టుకోండి, లోపల ట్యాప్ దగ్గర నింపుకోవచ్చు. ఆ ట్యాప్ నీళ్లు తాగడానికి వాడకండి. చీర కట్టుకుంటే ఆ ఇరుకులో చాలా ఇబ్బంది, ఒక్కరోజుకి వదులుగా ఉండే పంజాబీ డ్రెస్ వేసుకోండి, పైన శాలువా. చెప్పులు కూడా ఒక సైజు వదులుగా ఉన్నవి.

గంటన్నరకోసారి లేచి వెనక వంటగది దాకా నడిచి రండి. మోకాళ్ల వల్ల లేవడం కష్టంగా ఉంటే కూర్చున్నచోటే మడమలు నేలకు ఆనించి వేళ్లు పైకి, తర్వాత వేళ్లు ఆనించి మడమలు పైకి, ఇరవై సార్లు. కుట్టుమిషన్ తొక్కినట్టు ఉంటుంది, మీకు అలవాటే అయి ఉంటుంది. మోకాలి కింది దాకా వచ్చే కంప్రెషన్ సాక్స్, అంటే పిక్కలను బిగుతుగా పట్టి ఉంచే మేజోళ్లు, కోఠిలో సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి, కాలి కొలత ఇచ్చి తీసుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లు, ముఖ్యంగా పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లు, డాక్టర్ సరేనంటేనే వేసుకోవాలి. రెండు కాళ్లూ కొంచెం వాస్తే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా వేడిగా ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా అంతే. ఇది అల్లుడుగారికి కూడా చెప్పి ఉంచండి.

వీల్‌చైర్ తప్పకుండా అడగండి, డబ్బులు తీసుకోరు, కనీసం రెండు రోజుల ముందు టికెట్లో రాయించాలి. దుబాయ్‌లో గేటు నుంచి గేటుకు చాలా దూరం, మీ మోకాళ్లతో అంత నడక వద్దు. కానీ ఒక్క సంగతి. ఇంటి దగ్గర కారులో కూర్చుంటారు, శంషాబాద్‌లో వీల్‌చైర్లో, తర్వాత సీటులో, దుబాయ్‌లో మళ్లీ వీల్‌చైర్లో, మళ్లీ సీటులో. రోజంతా మీ పిక్కలకు పనే ఉండదు. అందుకే దుబాయ్‌లో గేటు దగ్గర కూర్చోబెట్టినప్పుడు లేచి పది నిమిషాలు అటూ ఇటూ మెల్లగా తిరగండి.

షుగర్ మందులు, ఇన్సులిన్ ఉంటే అది కూడా, చేతిలోని సంచిలోనే ఉండాలి. కింద లగేజీలో వేస్తే చలికి ఇన్సులిన్ పాడయ్యే ప్రమాదం ఉంది, పైగా సూట్‌కేసు ఒక రోజు ఆలస్యంగా వచ్చిందంటే మీ గతేమిటి? ప్రిస్క్రిప్షన్ కాపీ కూడా పెట్టుకోండి. మే నెలలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది, అంటే మీ ఆ రోజు అంత సాగిపోతుంది, ఏ డోసు ఏ టైముకో డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోండి. భోజనం 'ఏషియన్ వెజిటేరియన్' అని ముందే బుక్ చేయిస్తే పప్పు, కూర, అన్నం లాంటివి వస్తాయి. అయినా నాలుగు పుల్కాలు, పొడికూర చేతిలో ఉంచుకోండి, వాళ్లు పెట్టే టైముకి మీకు ఆకలి వేయకపోవచ్చు, మీకు ఆకలేసినప్పుడు వాళ్లు పెట్టకపోవచ్చు. ఆవకాయ మాత్రం చెకిన్ లగేజీలోకి, చేతిసంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. పండ్లు మిగిలితే దిగేముందు విమానంలోనే వదిలేయండి, అమెరికాలో వాటితో దిగితే ఇబ్బంది.

చివరగా, అసలు అలసట మొదలయ్యేది మన ఇంట్లోనే. తెల్లవారుజామున నాలుగింటి ఫ్లైట్ అంటే ఒంటిగంటకి ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. ఆ రాత్రి పదింటి దాకా 23 కిలోలకు సరిపోలేదని సూట్‌కేసులు విప్పడం, కట్టడం, చుట్టాలు రావడం, వాళ్లకు టిఫిన్లు. ఎక్కేసరికే ఒళ్లు హూనం. సూట్‌కేసులు రెండు రోజుల ముందే తూకం వేసి తాళం వేయించండి. ఆ రోజు మధ్యాహ్నం భోంచేసి తలుపేసుకుని మూడు గంటలు పడుకోండి. చుట్టాలు ఏమీ అనుకోరు, అనుకున్నా ఫరవాలేదు.

ప్రశ్న: మా బాబుకి 14 నెలలు. కిందటిసారి ఫ్లైట్ దిగేటప్పుడు అరగంట గుక్కపెట్టి ఏడ్చాడు, చుట్టూ అందరూ మమ్మల్నే చూశారు. ఈసారి జలుబు సిరప్ పడితే పడుకుంటాడని మా ఫ్రెండ్ చెప్పింది. (కూకట్‌పల్లి నుంచి ఒక తల్లి)

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. నిద్ర కోసం పసిపిల్లలకు జలుబు మందు పోయడం ప్రమాదం, కొంతమంది పిల్లలు దాంతో పడుకోకపోగా ఇంకా చిరాకు పడతారు.

బాబు ఏడ్చింది చెవి నొప్పికి. విమానం కిందికి దిగుతుంటే బయట గాలి ఒత్తిడి పెరుగుతుంది, చెవి లోపల అంత త్వరగా సర్దుకోదు, కర్ణభేరి లోపలికి లాగినట్టవుతుంది. మింగినప్పుడు ఆ దారి తెరుచుకుంటుంది. పెద్దవాళ్లం ఆవలిస్తాం, చాక్లెట్ చప్పరిస్తాం, పిల్లలకు ఆ సంగతి తెలియదు కదా. అందుకని దిగడం మొదలయిందని అనౌన్స్ చేయగానే, లాండింగ్‌కి అరగంట ముందు, బాబు నిద్రపోతున్నా లేపి పాలు పట్టండి, లేదా సీసాతో నీళ్లు. నిద్రలో తక్కువ మింగుతారు కాబట్టి నొప్పి ఎక్కువవుతుంది. ముందే కడుపు నిండా పట్టేస్తే అప్పుడు తాగడు, కొంచెం ఆకలి ఉంచండి. జలుబు, చెవిపోటు ఉంటే ప్రయాణానికి ముందు పిల్లల డాక్టర్‌కి చూపించాలి. చుట్టూ చూసేవాళ్ల గురించి టెన్షన్ వద్దు. వాళ్లలో సగం మంది పిల్లల్ని పెంచినవాళ్లే.

ప్రశ్న: కూర్చుని నిద్రపోవడం నాకు చేతకాదు. మెడ దిండు కొన్నా మెడ పట్టేస్తోంది. పొట్ట ఉబ్బరం కూడా. (నల్లకుంట, 48 ఏళ్లు)

జవాబు: దిండు తిప్పి పెట్టుకుని చూడండి. లావుపాటి భాగం మెడ వెనక ఉంటే తలను ముందుకు తోస్తుంది, గడ్డం కింద ఉంటే తల వాలకుండా పట్టుకుంటుంది. నడుము వెనక వాళ్లిచ్చే చిన్న దిండు పెట్టి సీటు కొంచెం వాల్చండి, వెనకవాళ్లు భోంచేస్తుంటే కాసేపు ఆగి. దుప్పటి మీదుగా బెల్టు కనిపించేలా పెట్టుకోండి, లేకపోతే కుదుపులు వచ్చినప్పుడల్లా బెల్టు పెట్టుకున్నారా అని లేపుతారు. ఉబ్బరానికి కారణం ఉంది. విమానం లోపల ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతే, దాదాపు ఊటీలో కూర్చున్నట్టు. అంత ఎత్తులో కడుపులోని గ్యాస్ దాదాపు 30 శాతం దాకా వ్యాకోచిస్తుంది. ముందు రోజు రాత్రి శనగలు, రాజ్మా, కూల్‌డ్రింకులు మానేయండి, బిగుతు బెల్టూ జీన్సూ వద్దు.

ప్రశ్న: ఏడాదికి మూడుసార్లు ఆఫీసు పని మీద అమెరికా వెళ్తాను. వెళ్లిన మర్నాడే మీటింగులు. రాత్రి రెండింటికి కళ్లు తెరుచుకుంటాయి, మధ్యాహ్నం మూడింటికి మీటింగులో తూగుతాను. తిరిగొచ్చాక ఇక్కడ మరో వారం. దీనికి చిట్కా ఉందా? (గచ్చిబౌలి)

జవాబు: ఒక్క రోజులో పోగొట్టే చిట్కా లేదు. ఉందని ఎవరైనా చెప్తే నమ్మకండి. శరీరంలోని గడియారం రోజుకి గంట, గంటన్నర మాత్రమే జరుగుతుంది. మనకీ అమెరికా మధ్య ప్రాంతానికీ తేడా వేసవిలో పదిన్నర, చలికాలంలో పదకొండున్నర గంటలు, అంటే పగలు రాత్రిగా తిరగబడిపోతుంది. వారం పైనే పడుతుంది. అందుకే నా మొదటి సలహా ప్రయాణం గురించి కాదు, మీ మేనేజర్‌తో మాట్లాడడం గురించి. ఒక రోజు ముందు వెళ్లడానికి అడగండి. వాళ్లకూ మెలకువగా ఉన్న మనిషే కావాలి. అడగనిదే ఇవ్వరు, మనవాళ్లు చాలామంది అడగరు. వనస్థలిపురం అమ్మగారికి చెప్పిందే మీకూ చెప్తున్నాను, మీకు మొహమాటం బాత్రూమ్ దగ్గర కాదు, క్యాలెండర్ దగ్గర.

ఎక్కగానే వాచీని అక్కడి టైముకి మార్చండి. డల్లాస్‌లోనో చికాగోలోనో రాత్రి అయినప్పుడు కళ్లకు గంతలు, చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని స్క్రీన్ ఆపేయండి, నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకుని ఉండండి. అక్కడ పగలైతే లేచి కూర్చోండి, సినిమాలు అప్పుడు చూడండి. కాఫీ తాగిన ఐదు గంటలకి కూడా అందులోని కెఫీన్ సగం ఒంట్లోనే ఉంటుంది, కాబట్టి అక్కడి మధ్యాహ్నం దాటాక వద్దు. మద్యం తాగితే నిద్ర తొందరగా వచ్చినట్టే ఉంటుంది, మధ్యలో తెగిపోతుంది, ఒళ్లు ఇంకా ఎండిపోతుంది.

దిగిన రోజు హోటల్ గదిలో కర్టెన్లు వేసుకుని పడుకోవద్దు. గడియారాన్ని జరిపేది వెలుతురే. పగటిపూట బయట నడవండి, గదిలో లైటు దానికి సరిపోదు. తట్టుకోలేకపోతే అలారం పెట్టుకుని 20 నిమిషాలు, అంతకు మించి కాదు. రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఫోన్ తీయకండి, ఆ టైములో హైదరాబాద్ ఆఫీసు మంచి జోరు మీద ఉంటుంది, ఒక్క మెసేజ్‌కి జవాబిచ్చారంటే తెల్లారిపోతుంది. వచ్చేటప్పుడు కూడా ఇవే. మెలటొనిన్, అంటే నిద్రవేళను సర్దే హార్మోన్ మాత్ర, గురించి చాలామంది అడుగుతారు, అది వేసుకునే టైము తప్పితే గడియారం తప్పు వైపుకి జరుగుతుంది, డాక్టర్‌ని అడిగే వేసుకోండి.

దిగిన రోజు శంషాబాద్ నుంచి గచ్చిబౌలికి మీరే కారు నడుపుకుంటూ వెళ్లకండి. రింగురోడ్డు మీద కునుకు పట్టడానికి రెండు సెకన్లు చాలు. క్యాబ్ తీసుకోండి, లేదా ఇంట్లో ఎవరినైనా రమ్మనండి.