స్టూడియో పెట్టమంటారా?

ప్రశ్న: మావారు ఎయిర్‌ఫోర్స్ ఫొటో సెక్షన్‌లో ఉన్నారు. వచ్చే ఏడాదికి ఇరవై ఏళ్ల సర్వీసు పూర్తవుతుంది. ఊళ్లో స్టూడియో పెట్టి పెళ్లిళ్లు తీయమని మా అన్నయ్యలంటున్నారు. ఈయనేమో ఏదీ తేల్చరు. సర్వీసులో తీసిన ఫొటోలతో ఎగ్జిబిషన్ పెట్టాలని మాత్రం ఉంది. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, రాజాం

జవాబు: టెన్షన్ పడకమ్మా. నేనూ ఆ సెక్షన్‌లో జుట్టు నెరిపించుకుని వచ్చినవాణ్ణే.

మా పనిలో అందం సంగతి తర్వాత. విమానం టైరు పేలితే ఆ ముక్క పక్కన స్కేలు పెట్టి తీస్తాం, విచారణలో కొలత తేలాలి కదా. ఆ అలవాటుతో పెళ్లికి వెళ్తే లడ్డూ పక్కనా స్కేలు పెట్టబుద్ధేస్తుంది! జీలకర్ర బెల్లం వేళ నలుగుర్నీ పక్కకు జరిపి, పంతులుగారిని బతిమాలి తీసే నేర్పు వేరు. నేర్చుకోవచ్చు. కానీ అప్పు చేసి స్టూడియో మాత్రం వద్దు.

మీవారి అసలు విద్య వేరే ఉంది, పైనుంచి నేలను ఫొటో తీసి చదవడం. నేను ఆగ్రాలో ఉన్నప్పుడు కాన్‌బెరాలని, పైనుంచి ఫొటోలు తీసే విమానాలు ఉండేవి. 1999 మే 21న కార్గిల్ మీద ఫొటోలు తీస్తున్న ఒక కాన్‌బెరాకి క్షిపణి తగిలితే, దెబ్బతిన్న ఇంజనుతోనే శ్రీనగర్‌లో దిగింది. 2007లో వాటికి సెలవిచ్చారు. పైనుంచి తీసేటప్పుడు ఒక ఫొటోలోని నేల సుమారు 60 శాతం తర్వాతి ఫొటోలోనూ పడాలి. ఆ జంటను స్టీరియోస్కోపు (ఒక్కో కంటికి ఒక్కో ఫొటో చూపించే అద్దాల పరికరం) కింద పెడితే ముందు రెండు బొమ్మలూ విడివిడిగా జారుతుంటాయి. ఒకదాన్ని వేలితో పిసరంత జరిపితే చటుక్కున కలుస్తాయి, కొండ బల్ల మీంచి పైకి లేస్తుంది.

ఇవాళ డ్రోన్ సర్వే సూత్రం కూడా అదే, కలిపే పని కంప్యూటరు చేస్తుందంతే. 2020లో మొదలైన స్వామిత్వ పథకంలో పల్లెల్లో ఇళ్ల స్థలాలు కొలిచింది డ్రోన్లతోనే. డ్రోన్ నడపడానికిచ్చే రిమోట్ పైలట్ సర్టిఫికెట్‌కు పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ల లోపు ఉండి, డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతి ఉన్న సంస్థలో శిక్షణ పొందాలి. సర్వీసులో ఉండగానే రీసెటిల్‌మెంట్ కోర్సుల (రిటైరయ్యాక వేరే పనికి సిద్ధం చేసే శిక్షణ) గురించి ఆరా తీయమనండి. బయటికొచ్చాక జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి.

ఎగ్జిబిషన్ సంగతంటారా, డ్యూటీలో తీసిన ఫొటోలు ఆయనవి కావు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అవి ప్రభుత్వానివి. రన్‌వేలూ హ్యాంగర్లూ కనిపిస్తే 1923 నాటి అధికార రహస్యాల చట్టం కూడా ఉంది. రాతపూర్వక అనుమతి లేనిదే వాట్సాప్ స్టేటస్‌లో కూడా పెట్టనివ్వకండి.

ఇంకో మాట, ఇది మీకే. కమ్యుటేషన్ డబ్బు, అంటే పింఛనులో కొంత భాగానికి బదులు ఒకేసారి ఇచ్చే మొత్తం, చేతికి రాగానే మావాళ్ల కళ్లు లెన్సుల మీద పడతాయి. చెక్‌బుక్ కొన్నాళ్లు మీ బీరువాలో ఉంచండి.